మింగినా చంపలేని కణం

2016 నవంబరులో జర్మనీ శాస్త్రవేత్తలు కొందరు హైదరాబాద్ చుట్టూ తిరిగి, మందుల ఫ్యాక్టరీల పక్కనున్న కాల్వల్లోంచి, మురుగుశుద్ధి కేంద్రాల దగ్గర్నుంచి, మూసీలోంచి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. మరుసటి ఏడు ఫలితాలు అచ్చయ్యాయి. పటాన్‌చెరు–బొల్లారం పారిశ్రామికవాడలోని ఒక మురుగుకాల్వలో ఫ్లుకొనజోల్ అనే ఫంగస్ మందు లీటరుకు దాదాపు 237 మిల్లీగ్రాములు ఉంది. మందు మింగుతున్న రోగి రక్తంలో ఉండేదానికి ఇది పది రెట్లకు పైమాటే. వొరికొనజోల్ అనే మరో ఫంగస్ మందు ఆ నమూనాల్లో గరిష్ఠంగా లీటరుకు 2.5 మిల్లీగ్రాములు తేలింది. ఈ రెండో అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆసుపత్రిలో వొరికొనజోల్ ఇచ్చేటప్పుడు డాక్టర్లు రక్తపరీక్షలు చేయిస్తూ, లీటరుకు 1 నుంచి 5.5 మిల్లీగ్రాముల మధ్య మందు నిలిచేలా చూడటానికి నానా తంటాలు పడతారు. రోగి ఒంట్లో కష్టపడి నిలబెట్టే మోతాదు ఇక్కడి నీళ్లలో ఊరికే పారుతోందన్నమాట.

ఆ మందులు ప్రాణావసరమైన వాళ్లలో ఒక చిన్న గుంపు ఉంది. పుట్టుకతోనే తెల్ల రక్తకణాల్లో లోపం ఉన్న పిల్లలు వాళ్లు. జబ్బు పేరు క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్. డాక్టర్ల నోట సీజీడీ. రెండు, రెండున్నర లక్షల జననాలకు ఒకరికి వస్తుందని లెక్క. ఈ పిల్లల కణాలు క్రిమిని పట్టుకుంటాయి, మింగుతాయి, కానీ చంపలేవు. ఆ సంగతి తెలుసుకోవడానికి వైద్యులకు పదేళ్లకు పైగా పట్టింది. ఎందుకు చంపలేవో పూర్తిగా తెలియడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

1952లో అమెరికా సైనిక వైద్యుడు ఓగ్డెన్ బ్రూటన్ ఒక ఎనిమిదేళ్ల పిల్లవాడి రక్తంలో గామా గ్లోబ్యులిన్లు, అంటే యాంటీబాడీలు, అసలే లేవని కనిపెట్టాడు. పిల్లవాడికి మాటిమాటికీ న్యుమోనియా ఎందుకొస్తోందో తేలిపోయింది. దాంతో పిల్లల డాక్టర్లందరి చూపూ యాంటీబాడీల మీదే పడింది. పదే పదే ఇన్ఫెక్షన్లొచ్చే బిడ్డ కనిపిస్తే చాలు, గ్లోబ్యులిన్లు కొలవడమే. 1954లో బోస్టన్‌లో చార్లెస్ జేన్‌వే బృందం అలాగే కొలిచింది, తెల్లబోయింది. చీముగడ్డలతో, న్యుమోనియాలతో తీసుకుతీసుకు పోతున్న ఆ పిల్లల్లో యాంటీబాడీలు తక్కువ కాదు, మామూలుకంటే ఎక్కువున్నాయి. తెల్లకణాల సంఖ్యకూ లోటు లేదు. సైన్యం ఉంది, ఆయుధాలున్నాయి, ఓటమి మాత్రం తప్పడం లేదు.

1957లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో బెరెండెస్, బ్రిడ్జెస్, రాబర్ట్ గుడ్ అనే ముగ్గురు ఇలాంటి మగపిల్లల గురించి రాశారు. మెడలో, చంకల్లో గ్రంథులు వాచి చీము పడతాయి. కాలేయంలో గడ్డలు. ముక్కు, చెవుల చుట్టూ మానని పుండ్లు. చనిపోయిన పిల్లల అవయవాలు కోసి చూస్తే ఎక్కడ చూసినా గ్రాన్యులోమాలు, అంటే కణాలు గుంపుకట్టి గట్టిపడ్డ ముద్దలు. క్షయలో కనిపించేవి అచ్చం అలాగే ఉంటాయి. కానీ ఇక్కడ క్షయ క్రిమి లేదు. మొదట్లో ఈ జబ్బు పేరులోనే ‘ప్రాణాంతక’ అన్న మాట ఉండేది. అది అతిశయోక్తి కాదు, చాలామంది పదేళ్లు నిండకుండానే పోయేవాళ్లు.

తెల్లకణం క్రిమిని మింగుతుందన్న సంగతి అప్పటికి కొత్తదేమీ కాదు. 1882లో ఇటలీలోని మెస్సీనా తీరంలో రష్యన్ జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలో గులాబీ ముల్లు గుచ్చాడు. మర్నాడు చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది మెస్సీనా వచ్చిన రుడాల్ఫ్ విర్కో ఆ స్లైడ్లు చూసి మెచ్నికోవ్‌కు ధైర్యం చెప్పాడు. విర్కో అంటే కణ రోగశాస్త్రానికి ఆద్యుడు. మన జీడిమెట్లలో సల్ఫామెథాక్సజోల్ తయారుచేసే కంపెనీకి ఉన్న పేరు ఆయనదే. ఆ మందుకూ ఈ జబ్బుకూ ఉన్న లంకె ఇంకాస్త ముందుకెళ్లాక వస్తుంది.

మెచ్నికోవ్‌కు 1908లో నోబెల్ వచ్చింది. అయితే కణం మింగిందంటే చంపినట్టేనని అందరూ అనుకుంటూ వచ్చారు. ఆ రెండింటినీ విడదీసి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. వచ్చింది మిన్నెసోటా పిల్లల వల్లే.

అక్కడ పాల్ క్వీ అనే పిల్లల డాక్టరు, బ్యూలా హోమ్స్ అనే శాస్త్రవేత్త, రాబర్ట్ గుడ్‌తో కలిసి చేసిన ప్రయోగం చూడటానికి చాలా సాదాసీదా. పిల్లవాడి రక్తంలోంచి తెల్లకణాలు వేరుచేస్తారు. గాజు గొట్టంలో వాటికి స్టెఫలోకాకస్ బ్యాక్టీరియాను కలుపుతారు. చీముగడ్డలు తెచ్చే ఆ పాత నేరస్థుడే. ఒంటి వేడిమికి సమానంగా 37 డిగ్రీల దగ్గర గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ ఉంచుతారు. కొంతసేపటికోసారి ఒక చుక్క తీసి డిస్టిల్డ్ వాటర్‌లో వేస్తారు. ఆ నీటికి తెల్లకణాలు ఉబ్బి పగిలిపోతాయి; వాటి కడుపులో బతికున్న బ్యాక్టీరియా ఏదైనా ఉంటే బయటపడుతుంది. ఆ చుక్కను పోషకాలున్న జెల్లీ పళ్లెంలో పోసి రాత్రంతా వదిలేస్తే, బతికున్న ఒక్కో క్రిమీ ఒక్కో చుక్కలాంటి కాలనీగా పెరుగుతుంది. తెల్లారి వాటిని లెక్కపెట్టడమే పని.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కణాలైతే రెండు గంటలకల్లా క్రిముల్లో నూటికి తొంభైకి పైగా చచ్చిపోతాయి. ఈ పిల్లల కణాలతో పళ్లెం నిండా కాలనీలే. మైక్రోస్కోపులో చూస్తే క్రిములన్నీ కణాల లోపలే ఉన్నాయి, మింగడంలో ఏ లోపమూ లేదు. పైగా లోపల దాక్కున్న క్రిమికి అదొక కోట అయింది, చాలా యాంటీబయాటిక్‌లు అక్కడికి చేరలేవు. కణం క్రిమిని మోసుకుంటూ ఒళ్లంతా తిరుగుతుంది. చంపలేని కణాల చుట్టూ మరిన్ని కణాలు మూగుతాయి, అవీ చంపలేవు, అలా గుట్టలుగా పడేవే గ్రాన్యులోమాలు. 1966, 67లలో వచ్చిన ఈ పత్రాలతో చిక్కుముడి సగం వీడింది.

ఇక్కడే ఒక విచిత్రం కనిపించింది. స్ట్రెప్టోకాకస్‌ను వేసి చూస్తే ఈ పిల్లల కణాలు దాన్ని చక్కగా చంపేశాయి! స్టెఫలోకాకస్ చావదు, స్ట్రెప్టోకాకస్ చస్తుంది. ఎందుకని?

దీనికి జవాబు మూడు దశాబ్దాల కిందటి ఒక పత్రంలో ఎవరికీ పట్టకుండా పడి ఉంది. 1933లో బాల్‌డ్రిడ్జ్, జెరార్డ్ అనే ఇద్దరు, కుక్క రక్తంలోని తెల్లకణాలు బ్యాక్టీరియాను మింగేటప్పుడు ఉన్నట్టుండి ఆక్సిజన్‌ను ఎక్కువగా పీల్చుకుంటాయని గమనించారు. మింగడం కష్టమైన పని, శక్తి కావాలి, అందుకే కాబోలు ఆయాసం అనుకున్నారు. 1959లో స్బారా, కార్నోవ్‌స్కీ పరీక్షించి చూస్తే లెక్క తప్పింది. మామూలుగా కణం శక్తికోసం పీల్చే ఊపిరిని సైనైడ్ ఆపేస్తుంది. ఈ ఊపిరి మాత్రం సైనైడ్‌కు ఆగలేదు. అంటే ఇది శక్తికోసం కాదు. మరి దేనికోసం? 1961లో మాంట్రియల్‌లో పనిచేస్తున్న ఐయ్యర్, ఇస్లాం, క్వాస్టెల్ అనే ముగ్గురు ‘నేచర్’ పత్రికలో రాసిన చిన్న వ్యాసంలో చెప్పారు: ఆ ఆక్సిజన్‌తో కణం హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారుచేస్తోందని.

గాయాలు కడగడానికి వాడే ఆ పెరాక్సైడే. ఆ తర్వాత సియాటెల్‌లో సేమోర్ క్లెబనాఫ్, కణంలోని ఒక ఎంజైము ఆ పెరాక్సైడ్‌కు క్లోరైడ్‌ను జోడించి క్రిమిసంహారిణిని పుట్టిస్తుందని చూపాడు. బావిలో బ్లీచింగ్ పౌడర్ చల్లితే క్రిములను చంపే పదార్థమే ఇదీ. 1973లో బెర్నార్డ్ బేబియర్ బృందం ఇంకో మెట్టు వెనక్కెళ్లింది. పెరాక్సైడ్‌కంటే ముందు పుట్టేది సూపరాక్సైడ్, అంటే ఒక ఎలక్ట్రాన్ అదనంగా అంటించుకున్న ఆక్సిజన్ అని తేల్చింది. సీజీడీ పిల్లల కణాల్లో ఈ వరసలో మొదటి మెట్టే లేదు. క్రిమిని మింగినా వాటి ఊపిరి పెరగదు.

స్ట్రెప్టోకాకస్ విచిత్రానికి అప్పట్లో చెప్పిన వివరణ చదివితే ముచ్చటేస్తుంది. స్ట్రెప్టోకాకస్ తనే కాస్త పెరాక్సైడ్ విడుదల చేస్తుంది, దాన్ని విరగ్గొట్టే కెటలేజ్ అనే ఎంజైము దానికి లేదు. అంటే తన చావుకు కావలసిన ఆయుధాన్ని తనే శత్రువు చేతికి అందిస్తుంది. స్టెఫలోకాకస్‌కు కెటలేజ్ ఉంది, జాగ్రత్తపడుతుంది. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఇదే ఉంటుంది. అయితే ఇది ఇంత సులువైన లెక్క కాదని తర్వాత తేలింది. కెటలేజ్ తీసేసిన క్రిములు కూడా సీజీడీ ఎలుకలను చంపుతూనే ఉన్నాయి. లండన్‌లో ఆంథొనీ సీగల్ 2002లో అసలు పెరాక్సైడ్ ముఖ్యమే కాదు, ఎలక్ట్రాన్లు కదలడం వల్ల కణం లోపల క్రిమిని బంధించిన సంచిలోకి చేరే పొటాషియం, దానివల్ల మేల్కొనే ఎంజైములే క్రిమిని చంపుతాయని వాదించాడు. ఆ వాదన సాగుతూనే ఉంది. యంత్రం చెడిందన్నదాంట్లో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

ఇంత శాస్త్రం నడిచాక మామూలు ఆసుపత్రికి పనికొచ్చే పరీక్ష ఒకటి కావాలి కదా. 1967, 68లలో బోస్టన్‌లో బేనర్, నేథన్ దాన్ని ఇచ్చారు. ఎన్‌బీటీ అనే లేత పసుపు రంగు ద్రవం ఉంది. సూపరాక్సైడ్ తగిలితే అది ముదురు నీలం గింజలుగా మారుతుంది. స్లైడు మీద రక్తపు కణాలను ఈ ద్రవంతో కాసేపు ఉంచి, మైక్రోస్కోపు కింద పెడతారు. ఆరోగ్యవంతుడి న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు నీలిమందు మింగినట్టు నల్లబడి ఉంటాయి. సీజీడీ పిల్లవాడి స్లైడులో ఒక్క కణమూ రంగు మారదు, అన్నీ పాలిపోయి కనిపిస్తాయి.

ఆ పిల్లవాడి తల్లి స్లైడు చూస్తే ఇంకా ఆశ్చర్యం. సగం కణాలు నీలం, సగం తెలుపు, ఒకే రక్తంలో రెండు రకాలు. 1961లో మేరీ లయన్ అనే బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త ఆడవాళ్లలో ఉండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఏదో ఒకటి ప్రతి కణంలోనూ నిద్రపోతుందని ప్రతిపాదించింది. ఆ మాటకు కంటికి కనిపించే సాక్ష్యం ఈ తల్లుల రక్తంలో దొరికింది. మంచి ఎక్స్ మేలుకున్న కణం నీలం, చెడ్డది మేలుకున్నది తెలుపు. 1967లో డొరొతీ విండ్‌హార్స్ట్, హోమ్స్, గుడ్ ఈ సంగతి ప్రకటించారు. జబ్బు ఎక్కువగా మగపిల్లలకే ఎందుకొస్తోందో, అమ్మమ్మ ఇంట మేనమామలు చిన్నతనంలోనే ఎందుకు పోయారో కూడా దాంతోనే అర్థమైంది.

జన్యువు దొరకడం 1986లో. అప్పటిదాకా ఏ జబ్బు జన్యువునైనా పట్టాలంటే ముందు దాని ప్రొటీన్ తెలియాలి. బోస్టన్‌లో స్టువర్ట్ ఆర్కిన్, రాయర్–పొకోరా, కుంకెల్ తదితరులు దాన్ని తిరగేశారు. ఎక్స్ క్రోమోజోములో ఒక ముక్క ఊడిపోయి, సీజీడీతో పాటు కండరాల క్షీణతలాంటి మరికొన్ని జబ్బులూ ఒకేసారి వచ్చిన రోగి ఆధారంగా, ‘జన్యువు ఈ చుట్టుపక్కలే ఉండాలి’ అని అడ్రసు పట్టుకుని వెళ్లి, లోపల ఏముందో తెలియకుండానే తలుపు తట్టారు. మనిషి జబ్బుల చరిత్రలో అలా దొరికిన మొదటి జన్యువు ఇదే. తర్వాతి కాలంలో ఎన్నో జబ్బుల జన్యువులను ఈ దారినే పట్టుకున్నారు.

సూపరాక్సైడ్‌ను పుట్టించే ఆ యంత్రం పేరు ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్. ప్రధానంగా ఐదు భాగాలు. ఎక్స్ క్రోమోజోము మీదుండే భాగం చెడితే మగపిల్లలకు వస్తుంది. మిగతా నాలుగింటిలో ఏది చెడినా, తల్లి దగ్గర్నుంచీ తండ్రి దగ్గర్నుంచీ రెండు చెడ్డ ప్రతులు వచ్చినప్పుడే జబ్బు. అప్పుడు ఆడా మగా తేడా లేదు. మేనరికాలు చేసుకునే మన తెలుగు ఇళ్లలో రెండో రకానికి ఎంత చోటుందో వేరే చెప్పనక్కర్లేదు.

మందుల సంగతికొస్తే కథ మన వైపు తిరుగుతుంది. ఈ పిల్లలను బతికిస్తున్నది ఏదో కొత్త అద్భుతం కాదు, కో-ట్రైమాక్సజోల్ అనే అతి పాత బిళ్ల. పల్లెటూరి మందుల షాపులో కూడా దొరుకుతుంది. సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్ అనే రెండు మందుల జోడీ ఇది, 1968 ప్రాంతంలో వచ్చింది. బ్యాక్టీరియా తనకు కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని తనే తయారుచేసుకోవాలి. ఆ తయారీ వరసలో సల్ఫా ఒక చోట అడ్డుపడితే, ట్రైమెథోప్రిమ్ ఇంకోచోట అడ్డుపడుతుంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ సంస్థలో వేరుచేసి, కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కో-ట్రైమాక్సజోల్‌కు ఇంకో మంచి గుణం ఉంది: తెల్లకణం లోపలికి చొరబడగలదు. ఆ కోటలో దాక్కున్న క్రిమిని పట్టగలదు. రోజూ క్రమం తప్పకుండా వేసుకుంటే తీవ్రమైన బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లు బాగా తగ్గుతాయని 1980లు, 90ల అనుభవంలో రుజువైంది.

సల్ఫామెథాక్సజోల్‌ను ప్రపంచంలోనే అత్యధికంగా తయారుచేసే చోట్లలో హైదరాబాద్ ఒకటి. దీని వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1961లో ఏర్పడ్డ ఐడీపీఎల్ సోవియట్ సాయంతో బాలానగర్‌లో కృత్రిమ ఔషధాల కర్మాగారం పెట్టింది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇస్తానంది. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న కెమిస్టులు బయటికొచ్చి, వేరే పద్ధతుల్లో అవే మందులు చేయడం మొదలుపెట్టారు. 1969 నుంచి 75 దాకా అక్కడ పనిచేసిన అంజిరెడ్డి 1976లో యూనిలాయిడ్స్, 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్, 1984లో డాక్టర్ రెడ్డీస్ నడిపిన క్రమం అందరికీ తెలిసిందే. జీడిమెట్ల నిండాక పరిశ్రమ పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి మీదుగా సంగారెడ్డి వైపు పాకింది. బిళ్ల ధర సామాన్యుడికి అందిందంటే ఈ కెమిస్టుల చలవే. ఆ గౌరవం వాళ్లకు దక్కాల్సిందే.

రెండో శత్రువు ఫంగస్. సీజీడీ పిల్లలను ఎక్కువగా చంపేది ఆస్పర్‌జిల్లస్ అనే బూజు. కుళ్లిన ఆకులు, పాత గడ్డి, ఎరువు కుప్ప, తడిసిన ధాన్యం, ఎక్కడైనా ఉంటుంది. మామూలు మనిషి రోజూ దాని బీజాలను పీలుస్తూనే ఉంటాడు, ఏమీ కాదు. ఈ పిల్లవాడు గడ్డివాములో ఒక పూట ఆడుకుంటే చాలు, ఊపిరితిత్తులు నిండిపోవచ్చు. ఆ బూజు జాతిలోనిదే వేరుశనగకు పట్టి అఫ్లటాక్సిన్ విషం పుట్టించే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. దాని మీద దశాబ్దాలుగా పరిశోధన సాగిస్తున్న ఇక్రిశాట్ ఉన్నది పటాన్‌చెరులోనే. 2003లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకు చెందిన జాన్ గాలిన్ బృందం 39 మంది సీజీడీ రోగులకు కొన్నాళ్లు ఇట్రాకొనజోల్, కొన్నాళ్లు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న కాలంలో ఏడుగురికి తీవ్రమైన ఫంగస్ ఇన్ఫెక్షన్ వచ్చింది. ఇట్రాకొనజోల్ వేసుకున్నప్పుడు ఒక్కరికే. ఆనాటి నుంచి కో-ట్రైమాక్సజోల్, ఇట్రాకొనజోల్ రెండూ కలిపి రోజూ ఇవ్వడం ప్రపంచమంతటా రివాజైంది. ఇట్రాకొనజోల్ కూడా హైదరాబాద్ చుట్టుపక్కల తయారవుతోంది. ఫంగస్ పట్టుకున్నాక చికిత్సకు వాడే ప్రధానమైన మందు వొరికొనజోల్.

అందుకే మొదట్లో చెప్పిన ఆ నీళ్ల అంకె మామూలు అంకె కాదు. పటాన్‌చెరు వ్యర్థజలాల గొడవ కొత్తదీ కాదు. 1980ల్లోనే స్థానిక వైద్యుడు డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఊళ్లను కూడగట్టి పోరాడారు. 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. తర్వాత ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరకు చేరే నీళ్ల మీద స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ 2007లో ప్రకటించిన పత్రం ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేసింది. దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధిచేసి వదిలే ఆ కేంద్రం దగ్గర సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. కొన్ని బ్యాక్టీరియాలను చంపడానికి కావలసిన మోతాదుకు అది వెయ్యి రెట్లకు పైనే. అందరూ యాంటీబయాటిక్‌ల గురించి మాట్లాడారు, ఫంగస్ మందుల ఊసు పెద్దగా ఎత్తలేదు. 2012లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ ఛాతీ వ్యాధుల సంస్థకు చెందిన అనురాధా చౌధరి బృందం, మన దేశపు నేలల్లోనే వొరికొనజోల్ జాతి మందులకు లొంగని ఆస్పర్‌జిల్లస్ దొరికిందని చూపింది. అక్కడ ప్రధానంగా అనుమానించింది పొలాల్లో చల్లే ఫంగస్ మందులను. పటాన్‌చెరు కాల్వ నుంచి ఫలానా రోగికి మొండి బూజు వచ్చిందని ఎవరూ నిరూపించలేదు, నేనూ అనను. కానీ మందుకు లొంగని క్రిమి పుట్టడానికి ఏం కావాలో జీవశాస్త్రం చదివిన ఎవరికైనా తెలుసు: మందు, క్రిమి, రెండూ ఒకేచోట చాలాకాలం ఉండటం. మందుల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడతామని 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. ప్రాణం పోసే మందు చేస్తున్నాం కాబట్టి దాని మురుగును చూసీచూడనట్టు వదలాలన్న వాదన ఎవరు చేసినా ఒప్పుకోనక్కర్లేదు. మొండి క్రిమికి మొదట బలయ్యేది ఆ మందు మీదే ఆధారపడి బతికేవాళ్లు.

మన దేశంలో ఈ జబ్బు ఎంతమందికి ఉంది? 2021లో చండీగఢ్ పీజీఐకి చెందిన అమిత్ రావత్, ముంబయిలోని జాతీయ ఇమ్యునోహీమటాలజీ సంస్థ, మరికొన్ని కేంద్రాలు కలిసి 236 మంది భారతీయ రోగుల వివరాలు ప్రకటించాయి. పాశ్చాత్య దేశాల్లో ఎక్స్ క్రోమోజోము రకమే ఎక్కువ. ఇక్కడ తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే రకం దాన్ని మించింది. నూటనలభై కోట్ల జనాభాకు 236 అంటే, జబ్బు తక్కువని కాదు, పట్టుకోవడం తక్కువని అర్థం. ఎందుకు దొరకడం లేదో ఊహించడం కష్టం కాదు. మెడలో గ్రంథి వాచి, కోసి చూస్తే గ్రాన్యులోమా కనిపిస్తే మన దేశంలో ఏ డాక్టరుకైనా మొదట తోచేది క్షయ. ఆరు నెలల కోర్సు. తగ్గకపోతే ఇంకో కోర్సు. నిజానికి ఇలాంటి పిల్లలకు క్షయ కూడా రావచ్చు, అది ఇంకో తిరకాసు. పుట్టగానే వేసే బీసీజీ టీకాలో ఉండేది బతికున్న క్రిమే. ఎడమ చంకలో పెద్ద గడ్డ కట్టి, పగిలి, నెలల తరబడి మానకపోవడం కొందరిలో ఈ జబ్బుకు మొట్టమొదటి ఆనవాలు. ఆరోగ్యవంతమైన బిడ్డకూ టీకా తర్వాత చంకలో చిన్న బిళ్ల కట్టొచ్చు, దానికి గాభరా పడనక్కర్లేదు, టీకా మానుకోకూడదు.

పూర్తిగా నయం చేసేది ఎముక మజ్జ మార్పిడి. 2014లో ‘లాన్సెట్’లో వచ్చిన 56 మంది రోగుల ఫలితాల్లో నూటికి 93 మంది బతికి బయటపడ్డారు. జన్యుచికిత్స ప్రయత్నాలకు మాత్రం ఒడిదొడుకులు తప్పలేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2004లో మొదలైన చికిత్స మొదట గెలిచినట్టే కనిపించి, తర్వాత రోగుల మజ్జలో కేన్సర్‌కు దారితీసే మార్పులు తెచ్చింది. 2025 మేలో ప్రైమ్ మెడిసిన్ అనే అమెరికా కంపెనీ ఇంకో వార్త చెప్పింది. జన్యువులో తప్పున్న అక్షరాలను అక్కడికక్కడే దిద్దే ‘ప్రైమ్ ఎడిటింగ్’ పద్ధతిని ప్రపంచంలో మొదటిసారి ఒక మనిషి మీద, ఒక సీజీడీ రోగి మీద, వాడామని చెప్పింది. నెలరోజులకు ఆ రోగి న్యూట్రోఫిల్ కణాల్లో దాదాపు మూడింట రెండొంతుల్లో యంత్రం పనిచేసింది. అదే నెలలో ఆ కంపెనీయే, ఈ జబ్బు మీద ఖర్చు పెట్టడం ఆపేసి వేరే వాటి వైపు మళ్లుతామని కూడా ప్రకటించింది. అరుదైన జబ్బు మీద వ్యాపారం నిలబడదు, అంతే.

మన దగ్గర మజ్జ మార్పిడి ఖర్చు లక్షల్లో ఉంటుంది. అయితే 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో, ఒక్కసారి చికిత్సతో నయమయ్యే జబ్బుల మొదటి జాబితాలోనే సీజీడీ ఉంది. 2022 నుంచి ఆ సాయం 50 లక్షల దాకా పెరిగింది. దానికి గుర్తించిన కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లో ఉంది: సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి నడిపేది. ఎన్‌బీటీ కంటే ఇప్పుడు డీహెచ్ఆర్ అనే పరీక్ష ఎక్కువ నమ్మకమైనది. కణంలో యంత్రం పనిచేస్తే ఆకుపచ్చగా వెలిగే రంగు వేసి, ఫ్లో సైటోమీటర్‌లో చూస్తారు. కాస్త రక్తం చాలు. కాకపోతే అది తాజాగా ఉండాలి, ఒకటి రెండు రోజుల్లోపే ల్యాబుకు చేరాలి.

కాబట్టి సంగారెడ్డిలోనో సదాశివపేటలోనో మీకు తెలిసిన ఇంట, మందు కోర్సులు ఎన్ని వాడినా మళ్లీ మళ్లీ చీముగడ్డలొచ్చే బిడ్డ ఉంటే, కాలేయంలో గడ్డ అన్నారంటే, బీసీజీ గడ్డ నెలలు గడిచినా మానకపోతే, అమ్మమ్మగారి వైపు మగపిల్లలు చిన్నప్పుడే పోయారని తెలిస్తే, ఆ తల్లిదండ్రులకు చెప్పండి: డీహెచ్ఆర్ పరీక్ష ఒకసారి చేయించమని పిల్లల డాక్టరును అడగాలని. పరీక్ష తేలేదాకా ఆ బిడ్డను గడ్డివాము దగ్గరికి, ఎరువు కుప్ప దగ్గరికి పంపొద్దని కూడా చెప్పండి.